భూమి బదిలీకి టెండర్లు

సూర్యుడికి ఇంకా 500 కోట్ల ఏళ్ళ ఆయుష్షు ఉందట, అంచేత మనకు ఢోకా లేదట. టీవీలో సైన్సు చెప్పడానికి కూర్చున్న ప్రతి పెద్దమనిషీ ఈ అంకె అప్పజెప్పి, వెనకాల ఎర్రగోళం ఉబ్బే గ్రాఫిక్ వేయించి, ప్రకటనలకు వెళ్ళిపోతాడు. ఆ 500 కోట్లు సూర్యుడివయ్యా, మనవి కావు!

సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ని హీలియం చేస్తున్నాడు. నాలుగు కేంద్రకాలు కలిసి ఒకటయ్యేకొద్దీ గర్భంలో రేణువులు తగ్గిపోతాయి. పైబరువుకి గర్భం కుంచించుకుని, వేడెక్కి, మరింత జోరుగా మండుతుంది. దాంతో సుమారు 110 కోట్ల ఏళ్ళకు పదిశాతం చొప్పున వెలుగు పెరుగుతుంది. మన సముద్రాలకు ఆ మొదటి పదిశాతమే చాలు. ఆవిరి వాతావరణంలో పైపొర స్ట్రాటోస్ఫియర్‌కెక్కి, అతినీలలోహిత కిరణాలకు విడిపోయి, హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారుకుంటుంది. విశాఖ బీచిలో ఇసుక మిగులుతుంది. మిగతా 400 కోట్ల ఏళ్ళు ఎవరు మింగారో విచారణ జరగాలి.

ఉపాయం లేకపోలేదు, భూమినే సూర్యుడికి దూరంగా జరపడం. 2001లో కొరికాన్‌స్కీ, లాఫ్లిన్, ఆడమ్స్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. వంద కిలోమీటర్ల రాతిగోళం ఒకటి నెప్ట్యూన్ అవతలి నుంచి మళ్ళించి, భూమికి ముందువైపుగా రాసుకుంటూ పోనివ్వాలి. అది లాగిన లాగుడికి మన కక్ష్య పిసరంత వెడల్పవుతుంది. రాయి తాను పోగొట్టుకున్న శక్తిని గురుగ్రహం దగ్గర వసూలు చేసుకుని మళ్ళీ వస్తుంది. 6,000 ఏళ్ళకోసారి, లక్షల సార్లు ఇలా చేస్తే భూమి 15 కోట్ల కిలోమీటర్ల నుంచి 22.5 కోట్లకు జరుగుతుంది.

ఈ పని మన సచివాలయానికి అప్పగించాలని మనవి. మొదటి విడతకు శంకుస్థాపన అవుతుంది, శిలాఫలకం మీద పేరు లేదని ఎమ్మెల్యే అలుగుతాడు. రాయి వెళ్ళిపోయాక అసిస్టెంట్ ఇంజనీరు కొలతల పుస్తకం (ఎం-బుక్) పట్టుకుని కొలతలకొస్తాడు. టెండరు దక్కనివాడు కోర్టుకెళ్ళి స్టే తెస్తాడు. నోటీసు అందని కారణంగా రాయి ఆగదు. 6,000 ఏళ్ళకు రెండో విడత వచ్చేసరికి మొదటి బిల్లు ఆర్థికశాఖలోనే ఉంటుంది, ధరల పెరుగుదల కింద అదనం అడుగుతూ కాంట్రాక్టరు వారసులు వస్తారు. ఈలోగా ఎవరో దశాంశం ఒక చోటు అటు పెడతారు. డైనోసార్లను తుడిచిపెట్టిన రాయి పది కిలోమీటర్లే. ఇది బరువులో దానికి వెయ్యింతలు. సవరణ జీవో జారీ చేయడానికి ఎవరూ మిగలరు.

గురి తప్పకపోయినా చిక్కే. ఈ లాగుళ్ళలో చంద్రుడు ఊడిపోవచ్చని ఆ శాస్త్రవేత్తలే అన్నారు. ఏకాదశి ఎప్పుడో పంచాంగకర్తలకే తెలీదు. పైగా ఏడాదికి 671 రోజులు. ఇంక్రిమెంటు మాత్రం ఏడాదికొక్కటే. ఉద్యోగ సంఘాలు ఊరుకుంటాయా?

అసలు ఆ పదిశాతం దాకా ఎందుకు? ఇప్పుడున్న ఎండకే 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చచ్చిపోయారు. పనిచోట తాగునీళ్ళు, నీడ, మందుల పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. పెట్టారా? మానవజాతిని కాపాడతామని మైకుల ముందు కూర్చునేవాళ్ళకు మట్టి తవ్వే ముసలమ్మ మానవజాతిలోకి రాదు. ఆవిడ పోయింది వడదెబ్బకేనని తహసీల్దారూ, ఎస్సై, డాక్టరూ సంతకాలు పెట్టేదాకా పరిహారం ఫైలు కదలదు. సిగ్గులేని సంతకాలు! ఒక టార్పాలిన్, నాలుగు గుంజలు, లీటరు నీళ్ళకో ఓఆర్ఎస్ ప్యాకెట్టు. ఇవి నెప్ట్యూన్ అవతల వెతకక్కర్లేదు, మండలాఫీసు స్టోరు గదిలోనే ఉంటాయి. తాళంచెవి ఎవడి దగ్గరుంది?