పిల్లలతో బెజవాడలో రెండు రోజులు: కొండ, కర్ర, కృష్ణ

నవంబర్ మొదటి వారంలో హైదరాబాద్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. “అన్నయ్యా, రెండో శనివారం కలిసొచ్చింది, పిల్లల్ని తీసుకుని వస్తున్నాం. దుర్గమ్మ దర్శనం, ఉండవల్లి, భవానీ ద్వీపం, మంగళగిరి, అమరావతి, కొండపల్లి. ఇంకేమైనా ఉంటే చెప్పు, కారు మాట్లాడేస్తాను” అంది. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరు. ఆ లిస్టులో సగం కొట్టేయమన్నాను. “ఇంత దూరం వచ్చి చూడకుండా వెళ్లాలా?” అని చిన్నబుచ్చుకుంది.

నాకు మూడేళ్ల కిందటి మే నెల గుర్తొచ్చింది. అప్పుడు మా పిల్లలతో ఒకే రోజు ఐదు చోట్లు తిరిగాం. మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విప్పి రాతిమెట్లు ఎక్కాం. మా చిన్నవాడికి అరికాళ్లు బొబ్బలెక్కాయి, సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. మేమున్న చోట టాయిలెట్‌కు తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో చెప్పేవాళ్లు కూడా లేరు. వాణ్ని భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తి, ఆటో ఎక్కి పెట్రోల్ బంకు దాకా వెళ్లాం. ఆ రోజు తీసిన ఫొటోలు ఇప్పుడు చూపిస్తే వాడికి ఒక్క చోటు కూడా గుర్తులేదు.

మన కుటుంబాల్లో టూర్ ప్లాన్ అంటే పెద్దవాళ్ల లెక్క. ఎన్ని చూశాం, ఎంత ఖర్చయింది, అవతలివాళ్లు చూసినవి మనమూ చూశామా అన్నదే అందులో ఉంటుంది. పిల్లల కోసం ఏం చేస్తాం? గుళ్లు, మ్యూజియంలు అయ్యాక ఒక పార్కో, ఒక బోటింగో కలుపుతాం. మందు మింగించి చేతిలో చక్కెర పెట్టినట్టు, సంస్కృతి కాస్త, ప్రకృతి కాస్త. వేరే ఊళ్ల సంగతి ఎలా ఉన్నా బెజవాడకు ఈ పంపకం అస్సలు కుదరదు. ఇక్కడ ఈ రెండూ విడిగా లేవు. ఉండవల్లి గుహ అంటే తొలిచిన కొండ. కొండపల్లి బొమ్మ అంటే చెక్కిన చెట్టు. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ అంటే నదితో మనుషులు పడిన పాటు. ఒకటి ఇంకొకటిగా ఎలా మారిందో చూపిస్తే ఆరేళ్లవాడు కూడా గంటసేపు అక్కడే ఉంటాడు. ఇది నా నమ్మకం. మొన్న మా మేనల్లుడు, మేనకోడలితో తిరిగాక ఇంకా గట్టిపడింది.

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా ఉండవల్లిలో ఉన్నాం. బెజవాడ నుంచి బ్యారేజీ దాటితే పది కిలోమీటర్లు కూడా ఉండదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం, 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. గుహలు నాలుగు అంతస్తులు. క్రీస్తుశకం 4, 5 శతాబ్దాల నాటివని, విష్ణుకుండిన రాజుల కాలపువని చెబుతారు. ఈ వివరాలు పిల్లలకు ముందే చెప్పాల్సిన పని లేదు. అందరూ గబగబా మెట్లెక్కి పైన పడుకుని ఉన్న స్వామి దగ్గరికి వెళ్లిపోతారు. మేం కింది అంతస్తులోనే ఆగాం. ఆ అంతస్తు పని పూర్తికాలేదు. స్తంభాలు మోటుగా ఉన్నాయి, గోడలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పాప గోడ మీద చెయ్యి పెట్టి, “మావయ్యా, దీన్ని కట్టారా, చెక్కారా?” అని అడిగింది. చెక్కారన్నాను. “అయితే తీసేసిన రాయంతా ఎక్కడుంది?”

నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. ఇల్లు కడితే రాళ్లు పేర్చుకుంటూ పోతాం. గుహ తొలిస్తే అక్కర్లేని రాయి తీసేసుకుంటూ పోవాలి. ఒక్క దెబ్బ తప్పిపడినా విరిగింది మళ్లీ అతికేది కాదు. అది చెప్పాక ఆ పిల్ల పై అంతస్తుల్లో ప్రతి స్తంభాన్నీ తట్టి చూసింది. ఒకే రాతిలో మలిచిన అనంతశయనుడి దగ్గరికి వచ్చేసరికి, తల వైపు నుంచి పాదాల వైపు అడుగులు వేసి కొలిచింది. బాబు బయట వసారాలో వరసగా కూర్చున్న రాతి మునుల పక్కన చేరి, వాళ్లు చూస్తున్న వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా పచ్చటి పొలాలు. రెండు గంటలు గడిచాయి. పదిన్నరకు ఎండ చురుక్కుమనగానే దిగిపోయాం. ఇంకోచోటికి వెళ్దామని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బెజవాడలో పిల్లల్ని రాతి మీద, ఇసుకలో తిప్పకూడదన్నది నా మొదటి నియమం. నవంబర్లోనూ అంతే. హోటల్లో దిగినవాళ్లు ఆ వేళ గదిలో ఉండలేమనుకుంటే బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. 1887లో పునాది పడిన పాత విక్టోరియా జూబిలీ మ్యూజియం అది. అల్లూరులో దొరికిన బుద్ధుడి నిలువెత్తు సున్నపురాతి విగ్రహం ముందు పిల్లల్ని పదినిమిషాలు నిలబెట్టండి చాలు. కాస్త పెద్ద పిల్లలైతే 1921లో కాంగ్రెస్ సమావేశాలు ఈ ఊళ్లోనే జరిగాయని, పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా చూపించింది ఇక్కడేనని చెప్పండి. అన్ని గదులూ తిప్పనక్కర్లేదు.

సాయంత్రం దుర్గమ్మ దర్శనం. ఇందులో సలహా ఇవ్వడానికి పెద్దగా లేదు. శుక్రవారం, ఆదివారం వద్దు. డిసెంబర్లో అమ్మవారి మాల వేసుకున్న భవానీలు దీక్ష విరమణకు వచ్చే రోజులు పిల్లలతో అసలే వద్దు. క్యూలో బాబు నిద్రపోతే మా బావగారు ఎత్తుకున్నారు. అమ్మవారిని చూసినప్పుడు మాత్రం లేపాం.

ఆదివారం కొండపల్లి. ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరం. ఎక్కువమంది రోడ్డు పక్క షాపులో ఏనుగు అంబారీనో, దశావతారాల సెట్టో కొనుక్కుని కారెక్కేస్తారు. అది పొరపాటు. కొంచెం లోపలికి, బొమ్మల కాలనీలోకి నడవండి. ఇళ్ల అరుగుల మీదే పని జరుగుతూ ఉంటుంది. మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఒక పెద్దావిడ మా పాప చేతిలో చెక్కని పొణికి కర్ర ముక్క పెట్టారు. “ఇంత తేలికా!” అని దాన్ని ఎగరేసి పట్టుకుంది పిల్ల. పొణికి మెత్తటి కర్ర, ఉలికి లొంగుతుంది. అందులో ఉన్న చెమ్మంతా పోయేదాకా ఆరబెట్టి, కాచి, అప్పుడు చెక్కుతారు. ఏనుగు ఒక్క ముక్కలో రాదు. కాళ్లు, తొండం, చెవులు విడివిడిగా చెక్కి అతికిస్తారు. అతికించేది మక్కుతో. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే ముద్ద అది. ఆ మక్కుతోనే అతుకులు పూడ్చి నున్నగా చేస్తారు. తర్వాత సున్నం పూత, ఆ పైన రంగులు. ఆవిడ బొటనవేలితో ఏనుగు మెడ దగ్గర మక్కు అద్దుతుంటే మా బాబు ముఖం ఆ చేతికి జానెడు దూరంలో పెట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు. ఫోన్ చేతిలో లేకుండా వాడు అంతసేపు కదలకుండా కూర్చోవడం తాను చూడలేదంది మా చెల్లెలు.

“ఈ చెట్టు ఎక్కడుంటుంది?” అని పాప అడిగింది. ఆవిడ వెనకనున్న కొండల వైపు చెయ్యి చూపించారు. అంతే, ఖిల్లాకు వెళ్లే ఘాట్ రోడ్డు మొత్తం పిల్లలకు వెతుకులాట అయిపోయింది. దారిలో ఒక పెద్దాయన దిగి మరీ పొణికి చెట్టు చూపించారు. ఈమధ్య కర్ర కోసం చాలా దూరం వెళ్లాల్సి వస్తోందని, ముందులా దొరకడం లేదని కూడా చెప్పారు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన ఖిల్లా పైన ఉంది. గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, ఇంగ్లీషువాళ్లు వరసగా చేతులు మార్చుకున్న కోట. మా పిల్లలకు ఆ రోజు రాజుల మీద ధ్యాస లేదు. చెట్టు కొట్టేస్తే బొమ్మలు ఆగిపోతాయా, చెట్టు పెట్టితే ఎన్నేళ్లకు బొమ్మ అవుతుంది అన్న వాదనలోనే కోట చుట్టి వచ్చాం. అడవి గురించి, చేతిపని గురించి ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకం చెబుతుంది?

ఇక కృష్ణ. భవానీ ద్వీపాన్ని నేను లిస్టులోంచి కొట్టేసింది ఇష్టం లేక కాదు. 133 ఎకరాల ద్వీపం, చెట్లు, చుట్టూ నీళ్లు. దానికి పూర్తిగా ఒక పూట కావాలి. అరగంటలో ముగించాలంటే వెళ్లకపోవడమే నయం. బోటు విషయంలో మాత్రం నేను మొండివాణ్ని. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. కార్తీక మాసం, ఆదివారం, సరదాగా వచ్చిన కుటుంబాలు. పిల్లల సైజు లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కొద్దు. ఉన్నా జనాన్ని కుక్కుతుంటే దిగిపోండి. టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి. గేట్లు ఎత్తి నీళ్లు వదిలే రోజుల్లో బోట్లు నడవవు కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్లలో దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు.

నదిని చూడటానికి బోటే ఎక్కాలని లేదు. ఆదివారం తెల్లవారుజామున ఆరింటికే పిల్లల్ని బ్యారేజీ మీద నడిపించాను. 1.2 కిలోమీటర్లకు పైనే పొడవు, 70 గేట్లు. ఒక పక్క నిండుగా నీళ్లు, ఇంకో పక్క ఇసుక, రాళ్లు, వాటి మీద కొంగలు. ఎందుకిలా అని అడగని పిల్లలు ఉండరు. ఆపిన నీళ్లు ఎటు పోతాయో చూపించడానికి ఊళ్లోనే కాలవలు ఉన్నాయి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. మనం రాత్రి తిన్న అన్నం ఈ నీళ్లదే అంటే మా బాబు కాసేపు నమ్మలేదు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, 1957కల్లా ఈ బ్యారేజీ కట్టారు. 2024 సెప్టెంబర్ వరదలో దీని మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకున్నాయి. అదే సమయంలో బుడమేరు వాగు పొంగి ఊళ్లోని సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇదంతా పిల్లలకు చెప్పాలా అని మా బావగారు సందేహించారు. చెప్పాలనే నా ఉద్దేశం. నదిని ఫొటోలకు బ్యాక్‌గ్రౌండ్‌గా మాత్రమే చూసిన పిల్లలకు నది తెలియదు.

అమరావతిని ఇందులో కలపొద్దు. గుంటూరులో దిగి, పొద్దున్నే ఉప్పలపాడు చెరువులో తుమ్మచెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల్ని, రంగు కొంగల్ని చూసి, ఆ తర్వాత అమరావతి వెళ్తే అది వేరే ట్రిప్పు. ఆ పక్షుల్ని ఊరివాళ్లే కాపాడుకుంటున్నారు. అమరావతిలో మ్యూజియం శుక్రవారం సెలవు. మహాచైత్యం అనే పాత బౌద్ధ స్తూపం దగ్గర పెద్దగా ఏమీ లేదని పిల్లలు నిరుత్సాహపడతారు. ఆ ఖాళీయే అక్కడి అసలు కథ. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చినప్పటి నుంచి తవ్వకాలు జరిగి, ఆ శిల్పాల్లో చాలా భాగం చెన్నైకి, లండన్‌కు వెళ్లిపోయాయి. అది తీరిగ్గా చెప్పాల్సిన కథ.

ఎప్పుడు రావాలి అన్నది అన్నిటికంటే పెద్ద చిక్కు. మన ప్రయాణాలను నడిపేది వాతావరణం కాదు, స్కూలు సెలవులు. వేసవి సెలవుల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. దసరా సెలవుల్లో దుర్గమ్మ కొండ ఇంద్రకీలాద్రి చుట్టూ కాలు పెట్టే చోటు ఉండదు. మూలా నక్షత్రం రోజున మరీనూ. మిగిలింది సంక్రాంతి, లేదంటే నవంబర్, ఫిబ్రవరి మధ్య వచ్చే శని, ఆదివారాలు. సంక్రాంతికి ఇంకో లాభం ఉంది. బొమ్మల కొలువులు పెట్టే ఇళ్లలో కొండపల్లి బొమ్మలు మెట్ల మీద కొలువుతీరి కనిపిస్తాయి. అద్దాల షోకేసులో చూసిన బొమ్మకూ, పేరంటానికి పిలిచిన ఇంట్లో చూసిన బొమ్మకూ తేడా పిల్లలు పట్టేస్తారు.

ప్రభుత్వాన్ని ఒకటే అడగాలనిపిస్తుంది. కొత్త ఆకర్షణలు తర్వాత. ఉన్న చోట నీడ, తాగునీరు, తాళం వేయని శుభ్రమైన టాయిలెట్, పిల్లలు చదువుకునే ఎత్తులో తెలుగు బోర్డు ఉంటే చాలు. ఈ నాలుగూ లేకపోవడం వల్లే చంటిపిల్లలున్న తల్లులు చాలామంది గుడి చూసుకుని తిరిగి వెళ్లిపోతున్నారు.

ఆదివారం సాయంత్రం స్టేషన్లో రైలెక్కించేటప్పుడు పాప చేతిలో ఆ పొణికి ముక్క అలాగే ఉంది. కొన్న ఏనుగు బొమ్మ సూట్‌కేసులో పెట్టనిచ్చింది గాని దాన్ని ఇవ్వలేదు. బాబు బ్యారేజీ మీద 43వ గేటు దాకా లెక్కపెట్టి ఆకలేసి ఆగిపోయాడు, మిగతావి సంక్రాంతికి అన్నాడు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, పండగ టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. ఇంటికెళ్లగానే తేదీ చూడమని మా చెల్లెలికి చెప్పాను.