బ్రిటన్ అమ్మలేదండీ, అమ్మబోయి ఆగింది

బంధువుల గ్రూపులో వచ్చింది, కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి పటమటలో మేముండే అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా, వాటర్ ట్యాంకర్ గొడవకీ లిఫ్ట్ రిపేరుకీ మధ్యలో అదే ఫార్వర్డ్ వచ్చి పడింది. చూడనివాళ్ల కోసం సారాంశం చెప్తాను: "బ్రిటన్ తన ప్రభుత్వ టీవీ ఛానెల్ 4ని ప్రైవేటుకి అమ్మేసింది. జనం పన్నులు మింగే తెల్ల ఏనుగుని వదిలించుకుంది. మనం మాత్రం ఎవరూ వినని ఆకాశవాణిని, ఎవరూ చూడని దూరదర్శన్‌ని ఇంకా మోస్తున్నాం. ఎలాగూ అవి ప్రభుత్వ బాకాలే. ప్రైవేటుకి ఇచ్చేస్తే నిజాలు బయటికొస్తాయి, విజయవాడ పున్నమ్మ తోటలో ఉన్న ఆకాశవాణి స్థలం ఒక్కటి అమ్మినా కోట్లు వస్తాయి. నిజమైన దేశభక్తులు షేర్ చేయండి." దాని కింద మా బాబాయ్ రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టి "అక్షర సత్యం" అన్నాడు. అక్కడే జవాబు రాద్దామనుకున్నాను గానీ గ్రూపులో ఇంత పొడుగు రాస్తే ఎవరూ చదవరు, పైగా పెద్దాయన నొచ్చుకుంటాడు.

మొదటి వాక్యంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడింది. బ్రిటన్ ఛానెల్ 4ని అమ్మలేదు. అమ్ముతామని చెప్పిన మాట నిజం. బోరిస్ జాన్సన్ ప్రభుత్వంలో సాంస్కృతిక శాఖ చూసిన నడీన్ డోరిస్ 2022 ఏప్రిల్‌లో ఆ సంగతి ప్రకటించారు. ఫార్వర్డ్ రాసినాయన ఆ వార్త చదివి అక్కడితో పేపర్ మడిచేసినట్టున్నాడు. ఆ తర్వాత జరిగింది ఇదీ: జులైలో జాన్సన్ రాజీనామా ప్రకటించాడు, సెప్టెంబర్‌లో లిజ్ ట్రస్ ప్రధాని అయింది, కొత్తగా ఆ శాఖలోకొచ్చిన మిషెల్ డోనెలన్ అసలు ఈ అమ్మకం లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో మళ్లీ చూస్తానంది. ట్రస్ రెండు నెలలు కూడా నిలవలేదు, అది వేరే కథ. రిషి సునాక్ వచ్చాక 2023 జనవరిలో అదే డోనెలన్ "అమ్మడం లేదు" అని తేల్చేసింది. గమనించాల్సింది ఏంటంటే ఈ ముగ్గురు ప్రధానులూ ఒకే పార్టీ వాళ్లు, అదీ ప్రైవేటీకరణ అంటే అస్సలు మొహమాటపడని కన్సర్వేటివ్ పార్టీ. ప్రతిపక్షం అధికారంలోకొచ్చి పాతవాళ్ల నిర్ణయాన్ని కక్షతో తిరగేసిన కథ కాదిది, మనకి అలాంటివి బాగా అలవాటు కాబట్టి ముందే చెప్తున్నాను.

ఎందుకు ఆగారో తెలియాలంటే ఆ ఛానెల్ ఎలా నడుస్తుందో కాస్త తెలియాలి. 1982 నవంబర్ 2న మొదలైంది. పెట్టింది ఎవరనుకున్నారు? ప్రైవేటీకరణకే పేరుమోసిన మార్గరెట్ థాచర్ ప్రభుత్వం. దానికి పెట్టిన నిబంధన విచిత్రంగా ఉంటుంది: ప్రోగ్రాములు సొంతంగా తీసుకోకూడదు, బయట ఉన్న నిర్మాణ సంస్థలకి డబ్బిచ్చి తీయించుకోవాలి. దాంతో ఆ దేశంలో వందల కొద్దీ చిన్న కంపెనీలు పుట్టాయి, బతికాయి. సినిమాలకి పెట్టుబడి పెట్టే విభాగం కూడా ఉంది దానికి. 2009లో మన రెహమాన్‌కి ఆస్కార్లు తెచ్చిపెట్టిన ముంబై మురికివాడ కుర్రాడి సినిమాలో ఆ ఛానెల్ డబ్బు కూడా ఉంది. ఇప్పుడు ఇలాంటి సంస్థని ఒక పెద్ద కంపెనీ కొంటే ఏం చేస్తుంది? ముందు ఆ నిబంధన తీసేయమంటుంది, తర్వాత ప్రోగ్రాములన్నీ తన సొంత స్టూడియోలోనే తీసుకుంటుంది, ఆ చిన్న కంపెనీలు మూతపడతాయి. నిర్మాతలు గోల పెట్టింది అందుకే, అధికార పార్టీలోనే కొందరు ఎంపీలు అడ్డం తిరిగిందీ అందుకే. ప్రభుత్వం ప్రజల అభిప్రాయం అడిగితే వచ్చిన జవాబుల్లో 96 శాతం వద్దనే అన్నాయి. (న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి, అందులో చాలా భాగం ఒక ప్రచార సంస్థ పోగు చేసి పంపినవి, కాబట్టి దాన్ని దేశం మొత్తం మీద సర్వే అనుకోకండి.)

అమ్మాలన్నవాళ్ల వాదన మరీ తీసిపారేసేదేం కాదు. నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ లాంటివాటితో పోటీపడాలంటే డబ్బు కావాలి, ప్రకటనల ఆదాయం మీదే బతికే ఛానెల్ ఎన్నాళ్లు తట్టుకుంటుంది అన్నారు. భయంలో నిజముంది. కానీ 2021లో ఆ ఛానెల్ ఆదాయం వంద కోట్ల పౌండ్లు దాటింది, పది కోట్ల పౌండ్ల దాకా మిగులు కూడా చూపించింది. నడుస్తున్నదాన్ని ఎందుకు అమ్ముతున్నారు అనే ప్రశ్నకి డోరిస్ గారి దగ్గర గట్టి జవాబు దొరకలేదు. చివరికి వాళ్లు చేసిందేంటంటే, 2024లో మీడియా చట్టం తెచ్చి, ఛానెల్ 4 కావాలంటే సొంతంగా కూడా కొన్ని ప్రోగ్రాములు తీసుకోవచ్చని ఆ పాత నిబంధన సడలించారు. సంస్థ ప్రజల చేతుల్లోనే ఉంది.

"జనం పన్నులు మింగే తెల్ల ఏనుగు." ఇది ఛానెల్ 4 గురించి అయితే పచ్చి అబద్ధం, అది ప్రకటనల డబ్బుతో నడుస్తుంది. ఫార్వర్డ్ రాసినాయన్ని మరీ తిట్టలేం లెండి, ఎందుకంటే అమ్ముతానన్న మంత్రిగారే 2021 నవంబర్‌లో పార్లమెంటరీ కమిటీ ముందు కూర్చుని అది ప్రజల డబ్బు తీసుకుంటోందన్నట్టు మాట్లాడితే, సొంత పార్టీ ఎంపీయే "అలా తీసుకోవడం లేదండీ" అని దిద్దాల్సి వచ్చింది. ఏటా ఇంటింటికీ లైసెన్స్ ఫీజు పడేది బీబీసీ కోసం. ఈ రెంటినీ కలిపేసి కొట్టారు.

మన దగ్గర సంగతి వేరు, అది దాచక్కర్లేదు. పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది, రేడియోకి లైసెన్స్ పుస్తకం ఉండేది, పోస్టాఫీసుకెళ్లి డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. 1980ల్లో దాన్ని ఎత్తేశారు. ఇవాళ ఆకాశవాణినీ దూరదర్శన్‌నీ నడిపే ప్రసార భారతి జీతాలకి కేంద్రం గ్రాంటు ఇస్తోంది, అంటే మన పన్నులే. 2023 జనవరిలో కేంద్ర కేబినెట్ ట్రాన్స్‌మిటర్లు, స్టూడియోలు బాగుచేయడానికి మరో రూ.2,539.61 కోట్లు మంజూరు చేసింది. కాబట్టి మన డబ్బు ఖర్చవుతోందన్న మాట నిజం. మన డబ్బుతోనే రోడ్డు కూడా వేస్తారు, ఆ రోడ్డు మీద ఎవరు తిరుగుతున్నారన్నదే అడగాలి. ఆ ప్రశ్నే తర్వాతి వాక్యంలో ఉంది.

"ఎవరూ వినరు, ఎవరూ చూడరు." ఎవరూ అంటే ఎవరు? బెంజ్ సర్కిల్లో ఫ్లాట్, హాల్లో పెద్ద స్మార్ట్ టీవీ, చేతిలో ఓటీటీలు ఉన్నవాళ్లు చూడరు, నేనూ చూడను. నెలనెలా బిల్లు కట్టక్కర్లేని డీడీ ఫ్రీ డిష్ దేశంలో 4 కోట్లకు పైగా ఇళ్లలో ఉంది, అందులో చోటు కోసం ప్రైవేటు ఛానెళ్లు వేలంలో పోటీపడి మరీ డబ్బు కడతాయి. ఎవరూ చూడని చోటికి వ్యాపారస్తులు డబ్బు పట్టుకుని ఎందుకొస్తారు?

రేడియో సంగతికొస్తే, మా పెదనాన్న తెనాలి దగ్గర మాగాణిలో వరి కోతల తర్వాత మినుము వేస్తాడు. మినుముకి పల్లాకు తెగులు వస్తుంది, ఆకులు పసుపు మచ్చలు పడి మొక్క గిడసబారిపోతుంది, దాన్ని వ్యాపింపజేసేది తెల్లదోమ. ఆయన సాయంత్రం పశువులకి మేత వేస్తూ పాకలో మేకుకి తగిలించిన ట్రాన్సిస్టర్లో వ్యవసాయ కార్యక్రమం వింటాడు, శాస్త్రవేత్త చెప్పిన మందు పేరు బీడీ కట్ట కాగితం మీద రాసుకుని, పొద్దున్నే ఊళ్లో పురుగుమందుల షాపుకి పోతాడు. షాపువాడు ఇంకేదో ఇవ్వబోతే ఆ కాగితం చూపిస్తాడు. నాకు ఇక్కడ అసలు విషయం కనిపిస్తుంది. ప్రకటనల మీదే బతికే ఛానెల్‌కి ఆ పురుగుమందుల కంపెనీయే పెద్ద కస్టమర్ అవుతుంది. "ఈ దశలో మందు కొట్టొద్దు, తెగులు సోకిన మొక్కలు పీకేయండి చాలు" అని అక్కడ ఎవరు చెప్తారు? పీకేసే సలహాకి స్పాన్సర్ దొరకడు.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకి సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. కావాలంటే ఆకాశవాణి వార్తల్ని ఉన్నవి ఉన్నట్టు వేసుకోవచ్చు, అంతే. అంటే ఆకాశవాణిని ఇవాళ ఉన్న రూల్స్‌తోనే ప్రైవేటు ఎఫ్‌ఎంగా మార్చి అమ్మేస్తే "నిజాలు బయటికి రావడం" మాట దేవుడెరుగు, రేడియోలో వార్తలు చెప్పే గొంతే ఉండదు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు కరెంటు పోయింది, ఫోన్ల ఛార్జింగ్ అయిపోయింది, ఏ సందులోకి పడవ వస్తుందో, నీళ్లు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలియక జనం డాబాల మీద కూర్చున్నారు. రెండు బ్యాటరీలతో పనిచేసే పెట్టె విలువ అలాంటప్పుడు తెలుస్తుంది. ఆ రోజు ఎంతమంది ఇళ్లలో అలాంటి పెట్టె ఉంది అంటారా, తక్కువే, ఒప్పుకుంటాను. ఉన్నదాన్ని కూడా తీసేద్దాం అనడానికి అది కారణం కాదు కదా.

ఇక "ప్రభుత్వ బాకా" దగ్గరికి. ఇందులో మాత్రం నేను సగానికి పైగా ఒప్పుకుంటాను. ఎమర్జెన్సీలో రేడియో ఎవరి భజన చేసిందో మా నాన్న ఇప్పటికీ చెప్తాడు, ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా బులెటిన్ మొదటి వార్త పెద్ద మార్పేమీ లేకుండా మంత్రిగారి శంకుస్థాపనే. కానీ ఈ రోగానికి మందు ఏంటో మనకి తెలియక కాదు, వాడకపోవడమే సమస్య. 1978లోనే వర్ఘీస్ కమిటీ ఆకాశవాణి, దూరదర్శన్‌లని స్వతంత్ర సంస్థగా చేయమంది. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వంలో ప్రసార భారతి చట్టం వచ్చింది, ఆ బిల్లు తెచ్చిన మంత్రి పర్వతనేని ఉపేంద్ర, తర్వాత 1996, 1998 ఎన్నికల్లో మన విజయవాడ నుంచే లోక్‌సభకి గెలిచాడు. చట్టం పాసైంది గానీ ఆ ప్రభుత్వం పడిపోయింది, వచ్చినవాళ్లు దాన్ని బీరువాలో పెట్టేశారు. ఏడేళ్ల తర్వాత 1997లో గుజ్రాల్ ప్రభుత్వంలో ఇంకో తెలుగాయన, జైపాల్ రెడ్డి, దాన్ని బయటికి తీసి అమల్లోకి తెచ్చాడు. అంటే కొత్త ప్రభుత్వం పాత ఫైలు మళ్లీ తెరవడం అనేది లండన్‌లోనే కాదు, ఇక్కడా జరిగింది. అయినా డబ్బు కేంద్రం చేతిలో, ఆదేశాలిచ్చే అధికారం కేంద్రం చేతిలో ఉంచుకుని స్వతంత్రం ఇచ్చామంటే ఎలా? ఏళ్ల తరబడి ఖాళీలు నింపకుండా క్యాజువల్ అనౌన్సర్లతో నెట్టుకొస్తే నాణ్యత ఎక్కడి నుంచి వస్తుంది? తిట్టాల్సింది ఇక్కడ. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

ప్రైవేటు అయితే నిజాలు బయటికొస్తాయట. విజయవాడలో కూర్చుని ఈ మాట రాయడానికి ధైర్యం కావాలి. మన తెలుగు న్యూస్ ఛానెళ్లలో ఏది ఎవరిదో, ఏ సంఘటన ఏ ఛానెల్లో ఏ రంగులో కనిపిస్తుందో గవర్నర్‌పేట టీ కొట్టులో గ్లాసులు కడిగే కుర్రాడు కూడా చెప్తాడు. ఒకే సభ ఒక దాంట్లో జనసంద్రం, ఇంకో దాంట్లో ఖాళీ కుర్చీలు. 1995లో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ బెంచ్‌లో ఉన్న జస్టిస్ జీవన్ రెడ్డి ఆ తీర్పులోనే ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత ప్రమాదమో ప్రైవేటు గుత్తాధిపత్యం కూడా అంతే ప్రమాదమని హెచ్చరించారు. ఆ మాట నిజమో కాదో రాత్రి తొమ్మిదింటికి రిమోట్ తీసుకుని నాలుగు ఛానెళ్లు తిప్పితే చాలు.

నిజంగా అమ్మిన దేశం ఉదాహరణే కావాలంటే ఫ్రాన్స్ ఉంది, ఫార్వర్డ్‌లో దాని పేరే లేదు. 1987లో అక్కడ మొదటి ఛానెల్ టీఎఫ్1ని ప్రైవేటుకి ఇచ్చారు. అదేం మూతపడలేదు, బాగా సంపాదించింది, జనం బాగానే చూశారు. కొన్నది మాత్రం బుయిగ్ అనే కట్టడాల కంపెనీ, రోడ్లు, వంతెనలు, ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే సంస్థ. కాంట్రాక్టరు చేతిలో న్యూస్ ఛానెల్ అంటే ఎలా ఉంటుందో మన జిల్లాల వాళ్లకి నేను విడమరిచి చెప్పాలా?

చివరిగా పున్నమ్మ తోట స్థలం. బందరు రోడ్డు మీద అంత చోటు, అంత చెట్ల నీడ, దాని విలువ ఎంతో బ్రోకర్లకి కంఠతా వచ్చే ఉంటుంది. ఫార్వర్డ్ మొత్తంలో నాకు నిజాయితీగా అనిపించిన వాక్యం ఇదొక్కటే. 1948లో మొదలైన ఆ స్టేషన్లో బాలమురళీకృష్ణ పనిచేశారు, బాలాంత్రపు రజనీకాంతరావు డైరెక్టర్‌గా ఉన్నారు, ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గొంతు అక్కడి నుంచే వీధి వీధిలో వినపడేది. ఆ పేర్లు చెప్పి ఏడిపించి ఎవర్నీ ఒప్పించాలని నాకు లేదు, పాత వైభవం ఉందని ఇవాళ్టి పనిని వదిలేయడానికి వీల్లేదు. స్థలం అమ్మాలనే ఆలోచన ఉన్నవాళ్లు దానికి బ్రిటన్‌ని అడ్డం పెట్టుకోకుండా నేరుగా స్థలం అమ్మకం గురించే రాయండి. అమ్మాక స్టూడియోలు ఎక్కడ పెడతారో, ఆ రికార్డింగులన్నీ ఎవరి సొత్తవుతాయో, సాయంత్రం పూట రైతుల కార్యక్రమం ఎవరి ఖర్చుతో నడుస్తుందో కూడా అందులోనే రాయండి. అప్పుడు మా బాబాయ్ మళ్లీ చేతులు జోడిస్తాడో లేదో చూద్దాం.