ఈసీ తీయకుండా కారు కొన్నాను

మా నాయన నెల్లూరులో పాతిక అంకణాల స్థలం కొనేముందు నెల రోజులు రిజిస్ట్రారాఫీసు చుట్టూ తిరిగాడు. అమ్మేది బయటివాళ్ళా అంటే కాదు, మా పెదనాయన బావమరిది, పండక్కీ పబ్బానికీ మాతోపాటు ఒకే పంక్తిలో కూర్చుని తినే మనిషి. అయినా ఆ స్థలం మీద అప్పూ తాకట్టూ ఉన్నాయో లేదో చెప్పే ఈసీని ముప్పై ఏళ్ళకి తీయించాడు, లింకు డాక్యుమెంట్లు తెలిసిన వకీలుకి చూపించాడు, పాత బ్యాంకు అప్పు తీరిన కాగితం చేతికొచ్చేదాకా అడ్వాన్సుకి మించి ఒక్క రూపాయి కదల్లేదు. ఆ అమ్మినాయనా తప్పు పట్టలేదు, రెండిళ్ళ మధ్య మాటలూ తెగలేదు. అట్టాంటి మనిషి కొడుకుని నేను. 2014 నవంబరులో, ఇంగ్లండుకొచ్చి మూడు నెలలు కూడా నిండకముందే, వాట్సాప్ గ్రూపులో ఫొటో చూసి 6,200 పౌండ్లు పెట్టి పాత కారు కొన్నాను. టైర్లు చూశా, బానెట్ ఎత్తి ఏదో తెలిసినట్టు తలూపా, రెండు వీధులు నడిపి చూశా. ఆ కారుకి సంబంధించి ఒక్క కాగితం మాత్రం అడగలేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఈ సోదెందుకంటే, ఇక్కడి మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో కారు ప్రకటనలు మళ్ళీ ఎక్కువయ్యాయి. చదువుకోడానికి కొత్త పిలకాయలు దిగుతున్నారు, వీసా అయిపోయినవాళ్ళు సామాను సర్దుకుంటున్నారు. నా మాట ముందే చెప్పేస్తా: ఫైనాన్స్ పూర్తిగా తీరిందన్న లెటరో, ఇంకా ఎంతుందో చెప్పే సెటిల్‌మెంట్ లెటరో పెట్టకపోతే ఆ ప్రకటనని అడ్మిన్లు తీసెయ్యాలి, అది ప్రెసిడెంటు గారి కారైనా సరే. కమిటీ మీటింగులో ఈ ముక్క అంటే ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. "మనోళ్ళని మనమే అనుమానిస్తే ఎట్టబ్బా?" అన్నారు. అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు మన ఆర్‌సీ అలవాటు గురించి చెప్పాలి. మన దగ్గర అప్పు చేసి బండి కొంటే ఫైనాన్స్ ఇచ్చినవాడి పేరు ఆర్‌సీలోనే పడుతుంది, 1988 మోటారు వాహనాల చట్టంలో 51వ సెక్షన్ ఉన్నది దానికే. కంతులన్నీ కట్టాక వాళ్ళ దగ్గర ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఫారం 35 పెట్టి ఆర్‌సీలో పడ్డ ఆ పేరు తీయించుకోవాలి. అందుకే ఏపీ 26 అయినా ఏపీ 27 అయినా, పాత బండి బేరం చేసే ఏ మధ్యవర్తైనా ఇంజన్ కంటే ముందు ఆర్‌సీ చూస్తాడు. అందులో ఎవరి పేరూ లేకపోతే బండి మీద అప్పు లేనట్టే. ఈ లెక్క బుర్రలో పెట్టుకునే మనం విమానం ఎక్కుతాం.

ఇక్కడ ఇచ్చేది వీ5సీ, అందరూ లాగ్‌బుక్ అంటారు, స్వాన్సీలో ఉన్న డీవీఎల్‌ఏ, అంటే బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ, పంపిస్తుంది. నా పేరు అచ్చేసి పోస్టులో వచ్చిన రోజు మా ఆవిడ దానికి పసుపూ కుంకుమా పెట్టి దేవుడి దగ్గర ఉంచింది. ఇందులో పేరున్న మనిషి రిజిస్టర్డ్ కీపర్ మాత్రమే, బండి అతనిదే అనడానికి ఇది రుజువు కాదు అని ఆ కాగితం మీదే ఉంటుంది, మేం చదివితే కదా. పన్నుకీ జరిమానాలకీ ఎవరిని పట్టుకోవాలో చెప్పే కాగితం అది. అప్పు సంగతి అందులో ఎక్కడా ఉండదు. ప్రభుత్వ వెబ్‌సైటులో ఎంఓటీ చరిత్ర, అంటే బండికి ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్షల చరిత్ర, ఉచితంగా దొరుకుతుంది, ట్యాక్స్ ఎప్పటిదాకా ఉందో దొరుకుతుంది, ఫైనాన్స్ ఉందో లేదో మాత్రం దొరకదు. దానికి ప్రైవేటు కంపెనీలకి డబ్బు కట్టి చెక్ చేయించుకోవాలి. జనం హెచ్‌పీఐ చెక్ అంటారు, హైర్ పర్చేజ్ ఇన్ఫర్మేషన్ అని దాని పూర్తి పేరు. ఇంటిల్లిపాదికీ బిర్యానీ తెప్పించుకుంటే అయ్యే ఖర్చు కూడా కాదు.

ఇంకో తేడా ఉంది, నాకిది ఎక్కడానికి చాలాకాలం పట్టింది. మన ఊళ్ళో హైపోతికేషన్ అంటే బండి నాది, దాని మీద హక్కు బ్యాంకుకి ఉంది అని. ఇక్కడ హెచ్‌పీ (హైర్ పర్చేజ్) అయినా, ఆఖర్న ఒక పెద్ద కంతు మిగిలే పీసీపీ అయినా బండే ఫైనాన్స్ కంపెనీది. ఆఖరి కంతు పడేదాకా నడిపేవాడు ఒకరకంగా అద్దెకి నడుపుతున్నట్టే. తనది కాని వస్తువుని అమ్మే హక్కు అతనికి ఎక్కడిది?

నాకు అమ్మినతనిది మా నెల్లూరు జిల్లా కావలి. నాకంటే నాలుగేళ్ళు చిన్న. రెండు వారాల్లో ఉద్యోగం మారి ఇండియా వెళ్ళిపోతున్నాడు. "అన్నా, కొంచెం ఫైనాన్స్ మిగిలుంది, ఫ్లైటెక్కేలోపు కట్టేస్తా, మీరేం టెన్షన్ పడొద్దు" అని మెసేజ్ పెట్టాడు. ఎంత నిజాయితీ గల కుర్రాడో అనుకున్నా. దాచిపెడితే నాకు తెలిసేదా? వెళ్తూ వెళ్తూ ప్రెషర్ కుక్కరూ రెండు కుర్చీలూ ఊరికే ఇచ్చిపోయాడు కూడా.

2015 ఏప్రిల్లో ఫైనాన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ వాహనం మా ఆస్తి, మీరు అమ్మకూడదు, ఫలానా తేదీలోపు మమ్మల్ని సంప్రదించండి. అతను వెళ్ళాక ఒక్క కంతూ కట్టలేదు. మన ఊళ్ళో కంతు తప్పితే ఫైనాన్స్ వాళ్ళ మనుషులు పొద్దున్నే వచ్చి బండి ఎత్తుకుపోవడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి కదా, నెల రోజులు కారుని రెండు వీధులవతల పెట్టి నడిచి ఇంటికొచ్చేవాణ్ణి. డబ్బు పెట్టి కొన్న కారుని దొంగసొత్తులా దాచుకోవడం ఏమిటని మా ఆవిడ అడిగేది. నా దగ్గర జవాబు లేదు.

ఆఫీసులో ఒకాయన చెబితే ఉచితంగా సలహా ఇచ్చే కేంద్రానికి పోయాను. అక్కడ ఒక పెద్దావిడ చాలా ధైర్యం చెప్పింది. 1964 నాటి హైర్ పర్చేజ్ చట్టంలో 27వ సెక్షన్ ఉంది, హైర్ పర్చేజ్‌లో ఉన్న బండిని ఆ సంగతి తెలియక, మంచి నమ్మకంతో మామూలు మనిషి కొంటే ఆ బండి అతనికే చెందుతుంది, ఫైనాన్స్ కంపెనీ అమ్మినవాడి వెంట పడాలి అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేసింది: కొన్న రోజున దీని మీద ఫైనాన్స్ ఉందని నీకు తెలుసా? నేను ఎంతో గర్వంగా ఫోన్ తీసి అతని మెసేజ్ చూపించి, ఒక్కో ముక్కకీ నేనే ఇంగ్లీషులో అర్థం చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

అప్పు ఎప్పుడో తీరిపోయింది అని అతను అబద్ధం చెప్పి, నేను నమ్మి కొని ఉంటే చట్టం నా పక్షాన ఉండేది. "కట్టేస్తా" అన్నాడు. అంటే ఇంకా ఉందని నాకు తెలుసు. తెలిసి కొన్నవాడికి ఆ సెక్షన్ వర్తించదు. అతను చెప్పిన నిజమే నా కొంప ముంచింది. ఇప్పుడు గ్రూపులో ఎవరైనా "లోన్ కొద్దిగా ఉంది, క్లియర్ చేసేస్తాను బ్రదర్" అని రాస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే. ఆ మాట రాసినవాడు తన మంచితనం చూపించుకుంటున్నాననే అనుకుంటాడు.

ఆ సెక్షన్ కాపాడని వాళ్ళు ఇంకా ఉన్నారు. లీజు కారుకి అది పనికిరాదు. లాగ్‌బుక్ లోన్ అని ఒకటుంది, 1878, 1882 నాటి బిల్స్ ఆఫ్ సేల్ చట్టాల కింద కారుని తనఖా పెట్టి తీసుకునే అప్పు, దానికీ పనికిరాదు. మనలో శని ఆదివారాలు నాలుగు కార్లు కొని అమ్ముకునే తమ్ముళ్ళున్నారు, ఎవరో నాకూ తెలుసు మీకూ తెలుసు. వ్యాపారం చిన్నదైనా, ఆ కారు సొంతానికే కొనుక్కున్నా, చట్టం వాళ్ళని వ్యాపారి కిందే లెక్కేస్తుంది.

కథ ముగించేస్తా. ఫైనాన్స్ కంపెనీతో మాట్లాడి 2,870 పౌండ్లు నేనే కట్టాను. 6,200 కారు 9,070 అయింది. అమ్మే హక్కు లేకుండా అమ్మినవాడి మీద 1979 నాటి సరుకుల అమ్మకం చట్టం కింద దావా వెయ్యొచ్చన్నారు. కావలిలో ఉన్న మనిషి మీద 2,870 పౌండ్ల కోసం దావా వేస్తే లాయరు ఖర్చు ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. 2016 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు గట్టిగా అడిగేద్దామని నెల్లూరు నుంచి బస్సెక్కి వాళ్ళింటికే పోయాను. వాళ్ళమ్మ నన్ను చూడగానే "మావాడికి ఆ దేశంలో నువ్వే దిక్కయ్యావంట కదా నాయనా" అని కూర్చోబెట్టి మామిడికాయ వేసిన చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఎదురుగా అతను తలొంచుకుని తింటున్నాడు. ఆ తల్లి ముందు ఏమని అడుగుతాం? చెయ్యి కడుక్కుని వచ్చేశాను. ఆ తర్వాత ఎప్పుడో 40,000 రూపాయలు పంపాడు, అంతే. మనోళ్ళ దగ్గర కొంటే పట్టుకోవచ్చు కదా అనేవాళ్ళకి నా అనుభవం ఇది, మనోళ్ళనే పట్టుకోలేం.

కొత్తగా వచ్చినవాళ్ళే ఎందుకు ఇరుక్కుంటారో చూడండి. వాళ్ళకి ఇక్కడ క్రెడిట్ హిస్టరీ ఉండదు, ఫైనాన్స్ ఎవరూ ఇవ్వరు, అందుకని ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బు మొత్తం ఒకేసారి పెట్టి కొంటారు. ఇండియా లైసెన్సు 12 నెలలే చెల్లుతుంది కాబట్టి ఉన్నప్పుడే నడిపేసుకుందామన్న తొందర. అవతల అమ్మేవాడికి ఫ్లైట్ తేదీ తొందర. ఇద్దరి తొందరా కలిసిన చోట కాగితం అడగడం మొహమాటం అయిపోతుంది. ఆస్ట్రేలియాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఇది విని నవ్వాడు. అక్కడ 2012 నుంచి పీపీఎస్‌ఆర్ అని ప్రభుత్వ రిజిస్టరే ఉంది, 2 డాలర్లు కడితే అప్పుందో లేదో సర్టిఫికెట్ వస్తుందట. అచ్చంగా కారుకి ఈసీ. ఇక్కడ అట్టాంటిది లేదు కాబట్టి మన గ్రూపే ఆ పని చెయ్యాలంటున్నా.

ఫైనాన్స్ ఉన్న కారు కొనకూడదని నేననను. పద్ధతి ఉంది. అమ్మేవాడు తన ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేసి సెటిల్‌మెంట్ మొత్తం ఎంతో, ఏ తేదీదాకా చెల్లుతుందో లెటర్ తెప్పించుకోవాలి. ఆ ఫోన్ అతనే చెయ్యాలి, కొనేవాడికి వాళ్ళు వివరాలు చెప్పరు, కావాలంటే పక్కన కూర్చోండి. ఆ మొత్తం కొనేవాడు నేరుగా కంపెనీకే అగ్రిమెంట్ నంబరు వేసి కట్టాలి, మిగిలింది అమ్మేవాడికి, అదీ తీరిపోయిందన్న ఉత్తరం వచ్చాకే. వెళ్ళిపోయేవాళ్ళకీ ఒక మాట. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం ప్రకారం కట్టాల్సిన మొత్తంలో సగం కట్టేస్తే కారు ఫైనాన్స్ కంపెనీకి అప్పగించి బయటపడొచ్చు. పీసీపీలో ఆఖర్న వచ్చే పెద్ద బెలూన్ కంతు కూడా ఆ మొత్తంలో కలుస్తుంది, కాబట్టి సగం అనేది మీరనుకున్న దానికంటే చాలా ఆలస్యంగా వస్తుంది.

పోయిన నెల ఒక కందుకూరు అబ్బాయి గ్రూపులో కారు పెట్టాడు. "ఫైనాన్స్ లెటర్ పెట్టగలవా తమ్ముడూ?" అని అందరి ముందే అడిగాను. రెండు రోజులు ఎవరూ కిక్కురుమనలేదు. మూడో రోజు ఫోన్ చేసి "ఏందన్నా, అందర్లో అట్టా అడిగారు, నాకు మిగిలింది ఆరు కంతులే" అని అరిచాడు. సరే, ఆ ఆరు కంతులకే లెటర్ తెప్పించు అన్నా. తెప్పించాడు. బెలూన్‌తో కలిపి 5,140 పౌండ్లు ఉంది, అతను అమ్మకానికి పెట్టిన ధర 4,800. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి అరవలేదు, "అన్నా, ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అన్నాడు.