కార్డు ఉన్నంత మాత్రాన పౌరులు కారు, లేనంత మాత్రాన విదేశీయులూ కారు

బిహార్‌లో ఓటరు జాబితా ప్రత్యేక సవరణపై 2025లో వివాదం రేగినప్పటి నుంచి ఒక వాదన చిన్న చిన్న మార్పులతో ఒక ఫోను నుంచి మరో ఫోనుకు చేరుతూనే ఉంది. ఆధార్, పాన్, ఓటరు కార్డు ఉన్నవారు భారత పౌరులేననీ, ఆధార్‌ను పౌరసత్వ రుజువుగా సుప్రీంకోర్టే అంగీకరించిందనీ, ఈ దేశంలో పుట్టినవారికి వేరే ఆధారమేదీ అక్కర్లేదనీ, ఈ కార్డులు చూపలేనివారిని విదేశీయులుగానే పరిగణించాలనీ అందులో చెబుతున్నారు. ఈ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా చట్టం ముందు నిలవదు.

మొదట ఆధార్ సంగతి చూద్దాం. ఆధార్ సంఖ్య గానీ దాని ధ్రువీకరణ గానీ తనంతట తానుగా పౌరసత్వ హక్కును ఇవ్వదనీ, పౌరసత్వానికి రుజువూ కాదనీ 2016 నాటి ఆధార్ చట్టంలోని 9వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఇందుకు కారణం ఆ చట్టం నిర్మాణంలోనే ఉంది. అది ‘పౌరుల’ కోసం కాక ‘నివాసుల’ కోసం చేసిన చట్టం. దరఖాస్తుకు ముందు 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ నివసించిన వ్యక్తి, ఏ దేశస్థుడైనా సరే, ఆధార్‌కు నమోదు చేసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే కార్డు) తిరిగివచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్థిరపడిన తెలుగువారు చట్టబద్ధంగానే ఆధార్ పొందవచ్చు. అంతమాత్రాన వారు భారత పౌరులైపోరు. పాన్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పన్ను లెక్కల కోసం ఇచ్చే ఆ సంఖ్య విదేశీయులకే కాదు, కంపెనీలకూ ఉంటుంది.

సుప్రీంకోర్టు అంగీకరించిందన్న రెండో మాట సగం వార్త చదివి రాసినది. బిహార్ సవరణ కోసం ఎన్నికల సంఘం 11 రకాల పత్రాలను పేర్కొంది. వాటిలో ఆధార్ లేదు. 2025 సెప్టెంబరు 8న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం ఆధార్‌ను 12వ పత్రంగా స్వీకరించమని ఆదేశించింది. ఆ ఆదేశంలోనే, గుర్తింపును నిర్ధారించుకోవడానికే ఆధార్ పనికివస్తుందనీ, అది పౌరసత్వ రుజువు కాదనీ, దాని వాస్తవికతను అధికారులు పరిశీలించుకోవచ్చనీ కూడా చెప్పింది. ప్రచారంలో మొదటి సగమే మిగిలింది. అంతకు కొద్ది వారాల ముందు, ఆగస్టు 12న, బంగ్లాదేశీయుడన్న ఆరోపణ ఎదుర్కొంటున్న ఒక వ్యక్తి బెయిలు దరఖాస్తును తిరస్కరిస్తూ బొంబాయి హైకోర్టు, ఆధార్, పాన్, ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన ఎవరూ భారత పౌరులు కాలేరని అన్నది.

ఓటరు కార్డు విషయం ఇంత సులువుగా తేలదు. రాజ్యాంగం 326వ అధికరణం ప్రకారం ఓటు హక్కు పౌరులదే కాబట్టి, జాబితాలో పేరుండటానికి కొంత బలం ఉంది. ఒకసారి జాబితాలోకి ఎక్కిన పేరును తొలగించాలంటే నోటీసు ఇచ్చి, ఆ వ్యక్తి వాదన విని, ఆధారాలను పరిశీలించాలని సుప్రీంకోర్టు 1995లోనే లాల్ బాబు హుస్సేన్ కేసులో చెప్పింది. అయితే ఇది అనుకూలమైన ఊహ మాత్రమే, తుది నిర్ణయం కాదు. దీనికి తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. వేములవాడ నుంచి చెన్నమనేని రమేశ్ 2009లో, 2010 ఉపఎన్నికలో, 2014లో, 2018లో, మొత్తం నాలుగుసార్లు శాసనసభకు గెలిచారు. ఆయన అంతకుముందు జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. 2009లో భారత పౌరసత్వం తిరిగి పొందారు. దరఖాస్తుకు ముందు 12 నెలలు దేశంలో నివసించాలన్న షరతు విషయంలో వాస్తవాలు దాచారంటూ కేంద్ర హోంశాఖ 2017లో దాన్ని రద్దు చేసింది. ఆ వ్యవహారం మళ్లీ మళ్లీ కోర్టుకెక్కి, చివరకు 2024 డిసెంబరు 9న తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి, కోర్టు ఖర్చుల కింద 30 లక్షల రూపాయలు చెల్లించమని ఆదేశించింది. ఓటరు జాబితాలో పేరే కాదు, శాసనసభలో సీటు కూడా ఆయనను ఆ ప్రశ్న నుంచి తప్పించలేకపోయింది.

ఇక్కడ పుడితే చాలు అన్న మూడో మాట ఒక తరానికి నిజం, తర్వాతి తరాలకు కాదు. పౌరసత్వ చట్టం 3వ సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు వరకు భారత్‌లో పుట్టినవారు, దౌత్యవేత్తల పిల్లల వంటి మినహాయింపులు తప్ప, తల్లిదండ్రులతో నిమిత్తం లేకుండా పౌరులు. ఆ తేదీ నుంచి పుట్టినవారికి తల్లి గానీ తండ్రి గానీ భారత పౌరులై ఉండాలి. 2003 నాటి సవరణ అమల్లోకి వచ్చిన 2004 డిసెంబరు 3 నుంచి ఈ నిబంధన మరింత బిగుసుకుంది: ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అందువల్ల ఒకే ఇంట్లో పుట్టిన అన్నకూ తమ్ముడికీ చట్టం వేరువేరు ప్రశ్నలు వేయవచ్చు. జనన ధ్రువపత్రం పుట్టిన చోటునూ తేదీనీ చెబుతుంది. తల్లిదండ్రుల పౌరసత్వాన్ని అది తేల్చదు. నా దృష్టిలో ఈ ప్రచారం చేస్తున్న అసలు హాని ఇక్కడే ఉంది, ఎందుకంటే తల్లిదండ్రుల పాత పత్రాలు అవసరమయ్యే యువతకే అది ‘ఏమీ అక్కర్లేదు’ అని భరోసా ఇస్తోంది.

చివరి మాట అన్నిటికన్నా ప్రమాదకరం. కార్డు పౌరసత్వాన్ని పుట్టించనట్లే, కార్డు లేకపోవడం పౌరసత్వాన్ని తీసివేయదు. పౌరసత్వం పుట్టుక, వంశం, నమోదు వంటి వాస్తవాల నుంచి చట్టం ద్వారా వస్తుంది. పౌరులందరికీ జాతీయ గుర్తింపు కార్డు ఇవ్వడానికి పౌరసత్వ చట్టంలో 14ఎ సెక్షన్ చేర్చినా, అలాంటి కార్డు దేశమంతటా ప్రజల చేతికి అందనే లేదు. ప్రభుత్వమే ఇవ్వని రుజువును చూపలేదని ఒక మనిషిని విదేశీయుడనడం న్యాయం కాదు. విదేశీయుడా కాదా అన్న ప్రశ్న తలెత్తినప్పుడు నిరూపణ భారం ఆ వ్యక్తిపైనే ఉంటుందన్న మాట వాస్తవమే. 1946 నాటి విదేశీయుల చట్టంలోని ఆ నిబంధన 2025 నాటి కొత్త చట్టంలోనూ కొనసాగింది. అయితే ఆ భారాన్ని ఎప్పుడు మోపవచ్చో సుప్రీంకోర్టు 2024 జూలైలో అస్సాంకు చెందిన ఒక కేసులో వివరించింది. ఎలాంటి ఆధారమూ లేకుండా, ఎవరినో ఒకరిని ఎంచుకుని ‘నువ్వు విదేశీయుడివి, కాదని నిరూపించుకో’ అనే అధికారం యంత్రాంగానికి లేదనీ, అనుమానానికి కారణమైన సమాచారాన్ని ముందు ఆ వ్యక్తికి అందజేయాలనీ, పేర్ల అక్షరాల్లోనో తేదీల్లోనో ఉన్న చిన్న తేడాలను పట్టుకుని పౌరసత్వాన్ని నిరాకరించకూడదనీ జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ అహ్సానుద్దీన్ అమానుల్లాల ధర్మాసనం స్పష్టం చేసి, విదేశీయులా కాదా అన్నది తేల్చే విదేశీయుల ట్రిబ్యునల్ 2012లో ఇచ్చిన తీర్పును పక్కనపెట్టింది. రేషన్ కార్డులో ఒక రకంగా, పట్టాదారు పుస్తకంలో మరో రకంగా ఇంటిపేరు నమోదైన కుటుంబాలు మన పల్లెల్లోనూ తక్కువేమీ కాదు.