పచ్చి మట్టలు దింపిన కత్తి గారికి

మహారాజశ్రీ కత్తి గారి దివ్యసముఖానికి,

సత్యనారాయణపురంలో మొన్న ఆదివారం తమరు పావనం చేసిన అపార్ట్‌మెంటు నుంచి, కింది వాటాలో ఉండేవాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మా కొబ్బరిచెట్లు తప్ప. తమరు పదునుగానే ఉన్నారని తలుస్తాను.

దసరా వస్తోంది కదా, ఎండుమట్టలు లాగించి ముదురు కాయలు దింపిద్దామన్నారు మా సెక్రటరీ గారు. "పచ్చి మట్టల జోలికి వెళ్ళరు కదండీ?" అని అడిగాను. "ఛ ఛ, ఆమాత్రం తెలీదా మాస్టారూ!" అన్నారు. ఆ మాట పట్టుకుని గుంటూరు వెళ్ళాను, మా పెద్దక్కని చూసి సాయంత్రానికి తిరిగొచ్చాను. వచ్చేసరికి మా కొబ్బరిచెట్లన్నిటికీ గుండు గీసి, నడినెత్తిన పిలక వదిలారు తమరు. నిట్టనిలువుగా నిక్కిన నాలుగు ఆకులు, అంతే. గేటు పక్కన పచ్చి మట్టలు నడుమెత్తు గుట్ట.

ఆ గుట్టలో ఇంకా విచ్చుకోని పూల పొత్తి ఒకటి దొరికింది. చీల్చి చూశాను. లోపల మీగడరంగు రెమ్మలు, వాటినిండా సన్నటి మగపూలు, రెమ్మల మొదట్లో గుండ్రటి ఆడపూలు. అన్నీ కాయలవుతాయని కాదు, రాలేవి రాలతాయి. నిలిచినవి ముదరడానికి ఏడాది పడుతుంది. అంటే వచ్చే ఏడాది మా పచ్చట్లో పడాల్సిన కాయల్ని తమరు ఈ ఏడాదే కొట్టేశారు. ముందుచూపుకి జోహార్లు.

"ఎంత నీట్‌గా ఉందో చూడండి" అంటున్నారు మా వాళ్ళు. నీట్‌గానే ఉంది. కొబ్బరిచెట్టు బాగా ఉన్న రోజుల్లో నెలకి ఒక ఆకు వేస్తుంది. నిండు తల అంటే ముప్పైకి పైగా ఆకులు. తమరు ఒక పూటలో దింపింది మళ్ళీ నిండాలంటే రెండేళ్ళు దాటుతుంది. ఈలోగా ఆ నాలుగు ఆకులే చెట్టు మొత్తానికీ వండిపెట్టాలి. పైగా గెల వచ్చేది మట్ట చంకలోనే. కింద మట్ట ఆసరా పోయాక, మిగిలిన గెల బరువుకి ఒరిగిపోక ఏం చేస్తుంది?

ఏ మట్ట కొట్టాలన్నది పెద్ద శాస్త్రమేం కాదు. తలని గడియారం అనుకుంటే తొమ్మిది, మూడు అంకెలకి పైనున్న ఏ ఆకునీ ముట్టకూడదు. కిందికి వాలినవాటిలో కూడా పూర్తిగా ఎండిందే తీయాలి. పసుపు తిరిగిన ఆకునీ ఉంచాలి, అదే చాలామందికి మింగుడుపడదు. చెట్టుకి పొటాష్ చాలకపోతే ముసలి ఆకుల్లోంచి లాగి లేత ఆకులకి ఇచ్చుకుంటుంది. ఆ పసుపు ఆకు నరికేస్తే దాని పైనున్నది పసుపెక్కుతుంది, దాన్నీ నరికితే ఆ పైది. తమరికి మటుకు ఏడాది పొడుగునా పని.

పసుపు పోవాలంటే ఎరువెయ్యాలి. కాయ కాసే చెట్టుకి ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1,200 గ్రాముల పొటాష్ అందాలని కేరళ కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ వాళ్ళు ఎప్పట్నుంచో చెప్తున్నారు. అంటే ఆ పొటాష్ కోసం మ్యూరియేట్ అనే ఎరువు ఓ రెండు కిలోలు. మాను చుట్టూ ఆరడుగుల మేర పాదు చేసి రెండు దఫాలుగా వెయ్యాలి. మా చెట్లకి పాదులు లేవు, మాను మొదలంటా పార్కింగ్ టైల్స్ ఉన్నాయి. టైల్స్‌కి దొరికిన డబ్బులు బస్తా పొటాష్‌కి దొరకలేదు.

"తల బరువు తగ్గిస్తే తుపానుకి పడదు" అని మూడో అంతస్తు ఇంజనీరు గారు సెలవిచ్చారు. ఫ్లోరిడాలోనూ ఇదే తెలివితేటలు. 'హరికేన్ కట్' అని పేరు పెట్టుకుని మరీ గొరిగారు. 2004, 2005 తుపాన్లలో నిండు తల ఉన్నవాటికన్నా అలా గొరిగిన చెట్ల తలలే ఎక్కువగా విరిగాయని అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు రాశారు. ఇంజనీరు గారికి పంపాను. బొటనవేలి బొమ్మ పెట్టారు.

గేటు దగ్గర అందానికి పెంచే రాయల్ పామ్‌లనీ వదల్లేదు తమరు. వాటికసలు తమరితో పనే లేదు, ముదిరిన మట్ట దానంతటదే ఊడిపడుతుంది. సీరియల్ లైట్ల కోసం మానుకి దిగ్గొట్టిన మేకుల సంగతి వేరే చెప్పాలా? తాటి జాతి మాను మీద పడిన గాయం పూడదు. చెట్టున్నంతకాలం ఆ బొక్క ఉంటుంది.

ఇక అసలు భయం. పచ్చి గాటు వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది. గాటులో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగులు లోపల్లోపలే తింటాయి. మానుకి రంధ్రం పడి, ఎర్రటి జిగురు కారి, నమిలిన పీచు బయటపడేటప్పటికి చాలాసార్లు చెయ్యి దాటిపోతుంది. కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వు, నడినెత్తిన చిగురు. అది పోతే పక్కనుంచి చిగురేసే చెట్టు కాదు. ఈ ముక్క సెక్రటరీ గారి తలకెక్కదు. ఆ తలకి కూడా నువ్వే... సరే, వద్దులే.

నిన్నని ఏం లాభం? ఇనుప ముక్కవి. నిన్ను పట్టుకుని పైకెక్కినాయన పని నాకు తెలుసు. కాళ్ళకి బందం, నడుముకి మోకు. పోయినేడు ఇదే చెట్టు మీంచి గెలని తాడు కట్టి దింపాడు, కిందున్న కార్ల మీద ఈనె పుల్ల కూడా పడలేదు. అంత ఒడుపు. ఈసారి కూడా "పచ్చివి వద్దు బాబూ, చెట్టు దెబ్బతింటది" అని పైనుంచి అరిచాడట. వాచ్‌మన్ చెప్పాడు. కిందనుంచి మా వాళ్ళు "డబ్బులిచ్చేది మేము, నున్నగా కొట్టెయ్" అన్నారట. బతికున్న చెట్టుని పట్టుకుని నున్నగా ఏంటయ్యా! అది మీ బాత్రూమ్ గోడా?

వచ్చే ఏడాది నా వంతుకి కాయలు చాలకపోతే కాళేశ్వరరావు మార్కెట్లో కొంటాను, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కోసుకుంటాను. అసోసియేషన్ మీటింగ్‌లో అడిగితే రసీదు చూపిస్తాను.

ఇట్లు,
కింది వాటా మాస్టారు

తా.క.: చెట్టెక్కినాయనకి "మిగతాది రేపిస్తాం" అన్న డబ్బు ఇంకా ఇవ్వలేదట. అదన్నా ఇచ్చి చావమను.