షోన్‌గావర్ చెక్కిన గుడ్లగూబ గారికి

అయ్యా గుడ్లగూబ గారూ,

మీ అడ్రసు నాకు తెలుసు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని కోల్మార్ ఊరికి చెందిన చిత్రకారుడు మార్టిన్ షోన్‌గావర్ 15వ శతాబ్దంలో రాగి రేకు మీద చెక్కిన నగిషీలో మెలికలు తిరిగిన ఆకుల మధ్య మీరు, చుట్టూ మిమ్మల్ని ఏడిపిస్తున్న పిట్టలు. అడుగున ఎం, ఎస్ అక్షరాలు, వాటి మధ్య శిలువ. అది ఆయన గుర్తు. మీరు దేనికి గుర్తన్న దగ్గరే గొడవంతా.

షోన్‌గావర్ కంసాలి కొడుకు. చెక్కిన రేకుకు సిరా పూసి ఇలాంటి బొమ్మలు కాగితం మీద అచ్చువేస్తే తోటి కంసాలులు కొనుక్కుని తమ పనిలోకి దించుకునేవారు. ఇజ్రాహేల్ వాన్ మెకెనెమ్ అనే ఇంకో నగిషీకారుడు, ఆ ఘనుడైతే ఆయన బొమ్మల్ని డజన్ల కొద్దీ కాపీ కొట్టి అమ్ముకున్నాడు. వీళ్లకు గిన్నె అంచున ఖాళీ నిండితే చాలు, మీ అర్థంతో పనేముంది?

అర్థాలు అంటగట్టేవాళ్లు వేరే. ఏథెన్స్ వాళ్లు మిమ్మల్ని వెండి నాణెం మీదికెక్కించి జ్ఞానదేవత పక్షి అన్నారు. యూరప్ మఠాల జంతు పుస్తకాలేమో వెలుగు గిట్టని పాపి అన్నాయి. నైట్ డ్యూటీ చేసేవాళ్లందరికీ ఇదే న్యాయమా? గోల్డ్‌ఫించ్ అనే బుల్లి పిట్ట ముళ్ల మొక్కల గింజలు తింటుందని దానికి క్రీస్తు ముళ్ల కిరీటంతో చుట్టరికం కలిపారు. మీరు ఎలుకల్ని తిన్నారు. అక్కడే దెబ్బతిన్నారు.

మా వైపూ మర్యాదేం లేదు లెండి, ఇంటి మీద వాలితే శాంతి చేయిస్తాం. కానీ అక్కడి పిట్టలు పట్టేవాళ్లు చేసింది మరీ దారుణం. పట్టపగలు మిమ్మల్ని కర్రకు కట్టేసేవారు. పొడవడానికి ఎగబడి వచ్చిన పిట్టలు పక్కనున్న బంక పూసిన పుల్లల మీద వాలి, కాళ్లు అతుక్కుని దొరికిపోయేవి. అది చూసి కొందరు వేటగాడు సైతాను, మీరు ఆయన ఎర అని తేల్చారు. కట్టేసిందెవరు, పేరు పోయిందెవరిది? ఇంకొందరు ఆ పొడుపులన్నీ ఓర్చుకుంటున్న మీరు క్రీస్తేనంటారు. పొద్దున సైతాను మనిషి, సాయంత్రం దేవుడు. ఉద్యోగం ఏదో ఒకటి ఖాయం చేయించుకోండి సార్.

మీ చుట్టూ ఉన్న ఆకుల్ని చూస్తే కుళ్లు పుట్టదా? హాయిగా మెలికలు తిరుగుతున్నాయి, వాటిని ఎవరూ ఏమీ అడగరు.

జవాబు రాత్రిపూటే రాయండి. పగలైతే ఆ పిట్టలు ఉత్తరాన్ని కూడా పొడుస్తాయి.

ఇట్లు,
భూతద్దంతో మిమ్మల్ని చూస్తున్న ఒకడు