తలమీద నిప్పులు, చేతిలో లడ్డూలు

2023 డిసెంబరు 3వ తేదీన, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారమూ, తెలంగాణ శాసనసభ ఎన్నికల ఓట్ల లెక్కింపూ ఒకేసారి వచ్చి నా వంటి సంఘ పెద్దను ఇరకాటంలో పెట్టాయి. ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో లెక్కింపు మొదలైంది. నల్లగొండలోని మా మందిరంలో ఆరాధన 10 గంటలకు మొదలైంది. పాస్టరు అయ్యగారు బైబిల్లోని యెషయా గ్రంథం తెరిచి "ఆయన భుజముమీద రాజ్యభారముండును" అని చదవగానే నా చెయ్యి నాకు తెలియకుండానే జేబులోని ఫోను మీదికి పోయింది. మా ఆవిడ మోచేతితో పొడిచింది గనుక సరిపోయింది.

మా పార్టీ పేరు ఇక్కడ అక్కరలేదు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని 12 స్థానాలలో 11 ఒకే పార్టీ తన్నుకుపోయిన రోజున, మాది ఆ పార్టీ కాదు అంటే చాలును. చాయ్ హోటల్ బల్ల దగ్గర మేము స్వయంగా చేసుకున్న సర్వేను నమ్మి, ముందు రోజు రాత్రే 20 కిలోల లడ్డూలు కిలో చొప్పున డబ్బాలలో పెట్టించి, ప్రతి మూత మీదా మా నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్న స్టిక్కరు అంటించి, "మీ గెలుపు, మా పండుగ" అని అచ్చువేయించి మరీ ఇంటికి తెచ్చిపెట్టుకున్నాను. డబ్బు నాదే. "ఎలక్షన్లు వాళ్లయి, పైసలు మనయా?" అని మా ఆవిడ అప్పుడే అడిగింది, విశ్వాసం లేనిదానా అని మనసులో అనుకుని ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి సంగతి తేలిపోయింది. సాయంత్రానికి మా వీధి డీజే మోతతో దద్దరిల్లింది. ఎదురింటాయన గెలిచిన పార్టీ మనిషి; కరపత్రం దగ్గర మాటా మాటా పెరిగి నలభై రోజులుగా మా మధ్య పలకరింపులు లేవు. ఆయన వాకిట్లో గులాల్ పూసుకున్నవాళ్లు ముప్పై మంది దాకా చేరారు గాని, నోరు తీపి చేసుకుందామంటే క్లాక్ టవర్ చౌరస్తా దాకా పోయివచ్చిన పిల్లవాడు ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. "మన లడ్డూలు ఇయ్యరాదుండ్రి" అంది మా ఆవిడ.

అప్పుడే నాకు సామెతల గ్రంథం 25వ అధ్యాయం గుర్తుకు వచ్చింది. పగవాడు ఆకలిగొంటే భోజనం పెట్టమని అక్కడ ఉంది. ఆ మాట కంటే, అలా చేస్తే వాని తలమీద నిప్పులు కుప్పగా పోసినట్టవుతుందన్న తరువాతి మాట ఆ సాయంత్రం నాకు ఎక్కువ నచ్చిందని దాచకుండా ఒప్పుకుంటున్నాను. అయిదు కిలోల నిప్పులు పోద్దామని నిశ్చయించుకుని, అయిదు డబ్బాల మీది స్టిక్కర్లకు కొబ్బరినూనె రాసి, గోటితో గీకి, మా నాయకుడి నవ్వును చెవి నుండి చెవి దాకా ఊడదీశాను. ఎన్నికలలో ఆయనకు జరిగిన దానికంటే ఇది పెద్ద అవమానమేమీ కాదు.

డబ్బాలు మోసుకుని గంభీరంగా ఎదురింటి గడప తొక్కాను. డీజే ఆగింది. ఎదురింటాయన ముఖం చిన్నబోవడం చూసి, నిప్పులు అంటుకున్నాయని లోలోపల సంతోషించాను. అంతలో మా ఆవిడ, అంతమందికి అయిదు డబ్బాలు ఏం సరిపోతాయనుకుందో, లోపలి నుండి ఇంకొక డబ్బా పట్టుకుని పరుగున వచ్చి ఆయన చేతిలోనే పెట్టింది. దానికి కొబ్బరినూనె తగలలేదు.

ఆయన మూత వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ మూత వంక చూశాడు. "సారూ, ఇంతకుముందు ఓట్లకని వస్తే గేటు కాన్నించే పంపిస్తి. ఇప్పుడు సక్కగ ఇంట్లకే వచ్చిండు గదా మీ లీడరు!" అన్నాడు. ముప్పై మందీ ఒక్కసారిగా నవ్వారు. నిప్పులు ఎవరి తలమీద పడ్డాయో నా చెవుల వేడి నాకు చెప్పింది. చక్కెర వ్యాధి ఉన్నా ఆయన అందరికంటే ముందు ఒక లడ్డూ తీసి సగం విరిచి నోట్లో వేసుకుని, మిగతా సగం నా నోటికి అందించాడు.

మరునాడు పొద్దున ఆ డబ్బా నిండా వేడి వేడి అలసంద గుడాలతో తిరిగి వచ్చింది. స్టిక్కరు చెక్కు చెదరలేదు. గులాల్ చేతులతో ఎవరెవరు పట్టుకున్నారో గాని, మా నాయకుడి నుదుటి నుండి గడ్డం దాకా ఎర్రగా రంగు పడి ఉంది.